పచ్చగా ఉంది కదా అని పోవద్దు

స్టాక్‌హోం చుట్టుపక్కల ఉంటున్న తెలుగు ప్రజలందరికీ ముఖ్య గమనిక. అడవి సీజన్ మొదలైంది. ఈ దేశంలో బాగా చదువుకుని, మంచి జీతం తీసుకుంటూ, ఇంటికెళ్లే దారి కూడా చక్కగా తెలిసిన మనుషులు ఆఫీసు అయిపోగానే కారేసుకుని అడవికెళ్లి, ఎదురు డబ్బులు కట్టి మరీ దారి తప్పుతున్నారు. దీన్ని వాళ్లు ఓరియెంటీరింగ్ అంటారు, మన ఊళ్లో అయితే ఫంక్షన్ హాల్ వెతుక్కోవడం అంటాం.

తెలీనివాళ్ల కోసం చెప్తున్నా. చేతికో మ్యాప్ ఇస్తారు, దాని మీద వరసగా నంబర్లేసి గుండ్రాలుంటాయి, ఒక్కో గుండ్రం దగ్గర అడవిలో ఎక్కడో నారింజ-తెలుపు రంగుల గుడ్డ ఒకటి వేలాడుతుంటుంది, దాని పేరు కంట్రోల్. ఈ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే చిన్నప్పుడు సంచీ పట్టుకుని కంట్రోల్ షాపు లైన్లో నిలబడ్డ అనుభవం నాకు దండిగా ఉంది. వ్యవస్థ కూడా సేమ్ టు సేమ్. మీ పేరు మీద ఒక చిప్పు ఉంటుంది, ప్రతి కంట్రోల్ దగ్గరా దాన్ని మిషన్‌లో పెట్టాలి, కుయ్ మనాలి. మనలేదా, ఎంత దూరం పరిగెత్తొచ్చినా ఆ కోటా రాలేదన్నట్టే, మొత్తం రేసు క్యాన్సిల్. ఆ చిప్పుని ఇక్కడ పిన్నె అంటారు. మొదటిరోజు టేబుల్ దగ్గర ఒక పెద్దాయన నవ్వుతూ "సొంత పిన్నె ఉందా?" అనడిగితే, ఉందండీ, ఖమ్మంలో ఉంటుంది, మా అమ్మకి చెల్లెలు అని చెప్పబోయి ఆగాను.

ఇంతవరకూ నాకే పేచీ లేదు. ఫోన్ చూడొద్దన్నారు, పర్లేదు. కానీ దారిలో ఎవర్నీ అడగకూడదట! ఎవడికి వాడే వెతుక్కోవాలని రూల్. ఇది మన సంస్కృతి మీద నేరుగా జరిగిన దాడి అని నేను భావిస్తున్నాను. మనకి అడ్రస్ అంటేనే అడగడం. "స్ట్రెయిట్‌గా పొండి, వాటర్ ట్యాంక్ వస్తది, అక్కడ ఎవర్నడిగినా చెప్తారు" అనే వాక్యం లేకుండా ఒక్క పెళ్లి జరిగిందా, ఒక్క పాత స్కూటీ అమ్ముడుపోయిందా మన రాష్ట్రాల్లో?

పోనీ దిక్కులు తెలీని జాతా అంటే అదీ కాదు. మ్యాప్‌తో పాటు ఒక పట్టీ ఇస్తారు, ఏ కంట్రోల్ ఏ వస్తువుకి ఏ వైపు ఉందో గుర్తుల్లో రాసుంటుంది, బండరాయికి ఈశాన్యం, గుంటకి నైరుతి, ఇలాగ. అది చూసి నా గుండె ఉప్పొంగింది. బండకి నైరుతిలో జెండా పెట్టొచ్చా, యజమానికి అరిష్టం కాదా అని ఆలోచించగల ఏకైక పోటీదారుణ్ణి ఆ అడవిలో నేనే. ఇంటి మొహం ఏ దిక్కో పిన్‌కోడ్ కంటే ముందు చెప్తాం మనం. చిక్కేంటంటే ఉత్తరం ఎటో సూర్యుణ్ణి చూసి తేల్చుకుందామంటే జూన్ నెలలో ఆయన ఇక్కడ ఈశాన్యంలో పుట్టి వాయవ్యంలో పడుకుంటాడు. దేవుడే వాస్తు తప్పితే మనమెంత.

అన్నట్టు మ్యాప్ చదవడం మనకి రాకపోవడంలో పూర్తి తప్పు మనదేం కాదు. పక్కనున్న నార్వే వాళ్లు 1897 అక్టోబర్ 31న ఓస్లో పక్కన మామూలు జనానికి మొదటి పోటీ పెట్టేశారు. 1919లో స్టాక్‌హోంలో మేజర్ ఎర్న్‌స్ట్ కిలాండర్, కుర్రాళ్లు ట్రాక్ మీద పరిగెత్తడానికి బోర్ ఫీలవుతున్నారని మ్యాపులిచ్చి అడవిలోకి తోలాడు. మనకో, మ్యాపులు చేసుకోవడానికీ పంచుకోవడానికీ ఉన్న రూల్స్ సడలించిందే 2021 ఫిబ్రవరిలో. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా ట్రైనింగ్ సెంటర్ ముందు నుంచి నేను కొన్ని వందల సార్లు బస్సులో పోయుంటా, లోపల ఏం నేర్పుతారో అని ఒక్కసారి కూడా అనుకోలేదు, సీటు దొరుకుతుందా లేదా అనే తప్ప.

ఇక అసలు ఘోరానికొస్తా. నన్ను ఇందులోకి దింపింది మా ఆఫీసులో భీమవరం తమ్ముడొకడు. స్టార్ట్ దగ్గర "అన్నా, మూడో కంట్రోల్‌కి పచ్చలోంచి వెళ్లిపో, ఈజీ" అన్నాడు. వాడి ఉద్దేశం పసుపుపచ్చ. ఈ మ్యాపుల్లో పసుపంటే ఖాళీ మైదానం, తెలుపంటే హాయిగా పరిగెత్తగలిగే అడవి, ఆకుపచ్చంటే మనిషి దూరలేని చిక్కటి పొద, ముదిరేకొద్దీ అంత నరకం. నాకేం తెలుసు, మనం చదువుకున్నది పచ్చదనం-పరిశుభ్రత. తెల్లగా ఉన్నది ఖాళీ ప్లాట్లనుకున్నా, ఆకుపచ్చ చూసి పార్కనుకున్నా, దూకేశా. మొహానికి కొమ్మలు, మోకాళ్ల దాకా బురద, షర్టు లోపల ఎండిన ఆకులు. 300 మీటర్లకి 40 నిమిషాలు పట్టింది. పచ్చకి రెండు రంగులు పెట్టుకున్న భాషలో దారి చెప్పడం నేరం అని అక్కడే నిర్ణయించుకున్నా.

అప్పుడు గుర్తొచ్చింది, దారి అడగకూడదు గానీ దెబ్బ తగిలినవాడు కనిపిస్తే పోటీ ఆపైనా సాయం చేసి తీరాలని ఇంకో రూలుంది. నేను తెలుగువాణ్ణి, రూల్లో సందు కనిపిస్తే ఆగలేను. ఒక బండ మీద కాలు పట్టుకుని కూర్చున్నా. ఒక ముసలావిడ పరిగెత్తుకుంటూ వచ్చి ఆగింది, మోకాళ్ల మీద కూర్చుని నా బూటు విప్పి మడమ నొక్కి చూసింది, ఏమీ లేదని ఆవిడకి నాకంటే ముందే అర్థమైంది. సిగ్గుతో ఇప్పుడు మనం ఎక్కడున్నాం అనడిగా. ఆవిడేం చెప్పలేదు, నా కుడిచేతి బొటనవేలు పట్టుకుని మ్యాప్ మీద ఒకచోట నొక్కింది, కదిలినప్పుడల్లా దీన్నీ జరుపుకుంటూ పో, తియ్యకు అని చెప్పి పోయింది. కంట్రోల్ షాపులోనూ ఇంతే, వేలిముద్ర పడితే గానీ పని జరగదు. తర్వాత రిజల్ట్స్‌లో చూస్తే ఆవిడ క్లాసు డీ75, అంటే 75 ఏళ్లు దాటిన ఆడవాళ్లది. నా కోసం ఆగి కూడా రెండో స్థానం. నా పేరు పక్కన టైముండాల్సిన చోట ఒక మాటుంది, అర్థం అడిగితే అందరూ మర్యాదగా కాఫీ ఇచ్చారు.

రాబోయే కార్యక్రమాలు చెప్పి ముగిస్తా. వసంతంలో టియోమీలా, 1945 నుంచి ఉంది, పదిమంది రాత్రంతా తలకి లైట్లు కట్టుకుని వంతులవారీగా పరిగెత్తుతారు, అందులో ఒక వంతు పేరే 'సుదీర్ఘ రాత్రి', మన ప్రొడక్షన్ సపోర్ట్ వాళ్లకి కొత్తేం కాదు. జూన్‌లో పక్కన ఫిన్లాండ్‌లో యుకోలా, అదీ ఇలాంటి రిలేనే, స్టార్ట్ రాత్రి 11కి, ముహూర్తం ఎవరు పెట్టారో తెలీదు. జూలైలో ఓ-రింగెన్, 1965లో మొదలైంది, వేలమంది టెంట్లు, క్యారవాన్లు వేసుకుని వారం పాటు కూర్చునే జాతర, 2025ది యోన్‌షోపింగ్‌లో, 2026ది గోథెన్‌బర్గ్‌లో. అడవిలో గోమార్లు, అంటే రక్తం పీల్చే పురుగులు, పడతాయి కాబట్టి వెళ్లేవాళ్లు వాటి వల్ల వచ్చే జబ్బుకి టీకా వేయించుకుని నిండు ప్యాంటుతో వెళ్లండి.

అన్నిటికంటే మనకి పనికొచ్చేది అక్టోబర్‌లో స్టాక్‌హోం దగ్గరే జరిగే 25 మంది రిలే. ఒక టీముకి 25 మంది, పిల్లలు, ఆడవాళ్లు, పెద్దవాళ్లు అందరూ ఉండాలి. మన ఉగాది కమిటీలో నలుగురు ఒక మాట మీద నిలబడితే గొప్ప అని నాకూ తెలుసు, అయినా ఆశ చావక గ్రూపులో పేర్లడిగా. 31 మంది వస్తామన్నారు, అందులో 26 మంది చూడ్డానికి, ఇద్దరు పులిహోర తెస్తామన్నారు, ఒకాయన మైకు దొరుకుతుందా అన్నాడు. సరే ఇద్దరైనా దొరికారు, మూడోవాణ్ణి నేనున్నా.

నిన్న రాత్రి ఆ ఇద్దరిలో ఒకడు మెసేజ్ పెట్టాడు: "అన్నా, ఆ రోజు కంట్రోల్స్‌కి లైవ్ లొకేషన్ షేర్ చేస్తావా?"