హాస్టల్ కట్టదలచిన వారికి కొన్ని చట్టబద్ధమైన సూచనలు

అమీర్‌పేటలోనో, మాదాపూర్‌లోనో, గచ్చిబౌలి పక్క సందుల్లోనో మీకు అరవై గజాల జాగా ఉండి, అందులో ఇంకా హాస్టల్ కట్టలేదంటే మీకు సమాజం పట్ల బొత్తిగా బాధ్యత లేనట్టే. జిల్లాల నుంచి బ్యాగులు సర్దుకుని బస్సు దిగుతున్న పిల్లలు ఎక్కడ పడుకోవాలి? చట్టం గురించి టెన్షన్ వద్దు, అది మీ మనిషే.

ముందు పర్మిషన్. తెలంగాణలో 2020 నాటి టీఎస్ బీపాస్ (భవన నిర్మాణ అనుమతుల) చట్టం ప్రకారం 75 గజాల లోపు జాగాలో గ్రౌండ్ ప్లస్ వన్ ఇల్లు కట్టుకోవడానికి పర్మిషనే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే సరి. పేదవాళ్ల కోసం పెట్టిన వెసులుబాటు అది. ఈ ఒక్క పూటకి మీరూ పేదవారే. ఎత్తు 7 మీటర్లు దాటకూడదని ఉంటుంది గానీ, ఆ నిబంధన మొదటి 7 మీటర్లకే వర్తిస్తుందని చదువుకోండి. పైన వేసే మూడంతస్తుల ఊసే ఆ కాగితంలో లేదు, లేని అంతస్తుల్లో ఉల్లంఘన ఎక్కడిది?

తర్వాత, జాతీయ భవన నిర్మాణ కోడ్ 2016 అని ఒక లావుపాటి పుస్తకం ఉంది. మనుషులుండే గది కనీసం 9.5 చదరపు మీటర్లు, వెడల్పు 2.4, ఎత్తు 2.75 మీటర్లు ఉండాలంటుంది. మంచి రూలు. గది అలాగే కట్టండి, కట్టాక నడుమ ప్లైవుడ్ కొట్టి రెండు చేయండి, ఒక్కోదాంట్లో రెండు బంకర్ మంచాలు వేసి, గేటు మీద ‘ఫోర్ షేరింగ్, ఏసీ’ అని బోర్డు పెట్టండి. ప్లైవుడ్‌కి పైన కన్నం కోసి ఏసీ బిగిస్తే రెండు గదులకీ చెరిసగం గాలి, రిమోట్ ఎవరి దగ్గరుండాలో వాళ్లే కొట్టుకుని తేల్చుకుంటారు. కిటికీ కూడా ఉండాలి. తెరిస్తే పక్క హాస్టల్ కిటికీ, దానికి ఆరేసిన తడి టవల్, చెయ్యి చాపితే అందేంత దూరంలో. సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ) అంటే అదే. హాస్టల్లో తలకి రోజుకు 135 లీటర్ల నీళ్లని కూడా ఒక లెక్కుంది (ఏప్రిల్‌లో మేనేజర్ ట్యాంకర్ కోసం ఫోన్ పట్టుకుని తిరగడం చూసినవాళ్లు ఇక్కడ నవ్వుకోవచ్చు).

మెట్లు ఇరుగ్గా ఉన్నా పర్లేదు, సిలిండర్లూ వాటర్ క్యాన్లూ చెప్పుల స్టాండూ పట్టాలి అంతే. టెర్రస్ తలుపుకి తాళం మాత్రం మరవొద్దు, కుర్రాళ్లు సిగరెట్లు కాలుస్తారు. ఫైర్ ఎన్ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) అంటారా, 18 మీటర్లు దాటని నివాస గృహాన్ని ఎవరడుగుతారు? ఎనభై మంది కాపురముంటున్న మీ సొంత ఇల్లది.

ఇంత చేశాక ఎవరైనా నోటీసు అంటిస్తే కంగారు పడకండి. ఉమ్మడి రాష్ట్రంలో 2007లో బీపీఎస్ (అక్రమ కట్టడాలకి జరిమానా కట్టించుకుని సక్రమం చేసే పథకం) వచ్చింది, ఆంధ్రలో 2015లో ఒకసారి, 2019లో మరోసారి వచ్చింది, తెలంగాణలో 2015లో బీఆర్ఎస్ వచ్చింది (పార్టీ కాదు, బిల్డింగులది). ఓపిక పడితే మీ బ్యాచ్ కూడా వస్తుంది.

స్ట్రక్చర్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. 2024 నవంబర్‌లో గచ్చిబౌలి దగ్గరి సిద్ధిఖ్ నగర్‌లో పక్క ప్లాటులో పునాదికి గుంత తీస్తుంటే ఒక బిల్డింగ్ ఒక పక్కకి ఒరిగింది, లోపలి జనం ఉన్నపళంగా బయటికి పరుగెత్తారు, తర్వాత దాన్ని కూల్చేశారు. అందుకే మీ హాస్టల్ రూల్స్ కాగితంలో ఒక మాట స్పష్టంగా రాయించండి: నెల ముందు చెప్పకుండా ఖాళీ చేస్తే అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు.