గ్రూప్ ప్రాజెక్టు ప్లాను గారికి, మోటారు వైండింగ్ షాపు నుంచి

మహారాజశ్రీ గ్రూప్ ప్రాజెక్టు ప్లాను గారి సముఖానికి,

పాలకొల్లు కాలువ గట్టున మోటార్లు చుట్టుకుని బతికేవాడు నమస్కరించి రాయునది. ఇక్కడ క్షేమం. తమరు కూడా రంగుల ప్రింటులో, స్పైరల్ బైండింగులో క్షేమంగా ఉన్నారని మా షాపుకొచ్చిన ఇంజనీరింగు కుర్రాళ్ల చేతిలో చూసి తెలుసుకున్నాను. తడవకుండా ప్లాస్టిక్ కవరు కూడా తొడిగారు. నీళ్లలో దిగాల్సిన యంత్రం ఇంకా పుట్టలేదు గానీ, తమరికి మాత్రం తడి తగలదు. సంతోషం అండి.

ఆశయానికి వంక పెట్టను. కాలువలో గుర్రపుడెక్కని లాగి గట్టున పడేసే యంత్రం. రెండు పీవీసీ గొట్టాల మీద తేలే చట్రం, ముందు పళ్లున్న బెల్టు, దాన్ని తిప్పడానికో మోటారు. ఇంతే. ఆయ్, ఇంత చిన్న సంగతికి తమరు నలభై పేజీలెలా అయ్యారో అదే నాకు అంతుచిక్కలేదు.

మొదటి పేజీలో కాటన్ దొర గుర్రమెక్కి ఉన్నారు. మా గోదావరి జిల్లాల్లో ఆయన్ని తలుచుకోకుండా ఏ పనీ మొదలవదు, అది మామూలే. ఆ తర్వాత టీం పేరు, లోగో, ఎవరికి ఏ బాధ్యతో చెప్పే పట్టిక. లీడరొకరు, పీపీటీకి ఒకరు, రిపోర్టుకి ఒకరు, ఫోటోలకి ఒకరు. స్క్రూడ్రైవరు పట్టుకునేవాడికి గడి లేదు. లోగోకి వారం, లిటరేచర్ సర్వేకి మూడు వారాలు, పీపీటీకి రెండు వారాలు, తయారీకి నాలుగు రోజులు, టెస్టింగుకి ఒక శనివారం, అదీ మధ్యాహ్నం నుంచి.

ఇక మోటారు. నా కడుపు మండింది ఇక్కడే. నలభై పేజీల్లో దాని గురించి ఒక్క ముక్క: ‘హై స్పీడ్ డీసీ మోటార్’. హై స్పీడెందుకు బాబూ అంటే, ‘స్పీడుగా తీసెయ్యాలి కదండీ బాబాయ్ గారూ’ అన్నాడు లీడరు. గుర్రపుడెక్కలో నూటికి తొంభై పాళ్ల పైన నీళ్లే. నీళ్లలో దూదిలా తేలుతుంది, పైకెత్తితే నడుం పట్టేస్తుంది. పది కిలోల బరువుని 5 సెంటీమీటర్ల వ్యాసార్థమున్న రోలరుతో నేరుగా పైకి లాగాలంటే 50 కిలో సెంటీమీటర్ల టార్క్, అంటే తిప్పే బలం, కావాలి. వీళ్లు కొన్నది బొమ్మ కార్లకి బిగించే పసుపు రంగు గేరు మోటారు. ఒక్క కిలో సెంటీమీటరుకే దానికి ఆయాసం. వేగం తగ్గించుకుంటేనే బలం పెరుగుతుందని, గేర్లు ఉన్నది అందుకేనని తమరిలో ఎక్కడా లేదు. ఎంత బరువెత్తాలో తూచి చూడమనీ లేదు. బడ్జెట్టు పేజీలో ఫ్లెక్సీకి మాత్రం డబ్బులు రాసి ఉన్నాయి.

మోయలేక ఆగిపోయిన మోటారు ఊరుకోదండి. మామూలుగా తీసుకునే కరెంటుకి ఎన్నో రెట్లు లాగి, వేడెక్కి, వైండింగు మాడ్చుకుంటుంది. ఇదంతా నాకు బేరమే అనుకునేరు. అంత చిన్నవి చుట్టే కూలికి కొత్తవి రెండొస్తాయి. తమరి వల్ల నాకా లాభమూ లేదు.

దానికి కరెంటివ్వడానికి 9 వోల్టుల చిన్న బ్యాటరీ అట! అది నా మల్టీమీటర్లో ఏళ్ల తరబడి బతుకుతుంది. మోటారుకి కడితే టీ చల్లారేలోపు చేతులెత్తేస్తుంది. వోల్టులు చూశారు గానీ, ఎంత కరెంటివ్వగలదో చెప్పే ఆంపియర్లు ఎవరూ చూడలేదు.

పాత ఇనుప కొట్లో కారు వైపరు మోటారు దొరుకుతుంది, అది తెచ్చుకోండి నాయనా అన్నాను. 12 వోల్టులది, లోపల వేగం తగ్గించే వర్మ్ గేరు ఉంటుంది, నిమిషానికి యాభై చుట్ల దరిదాపుల్లో నిదానంగా, బలంగా తిరుగుతుంది. 7 ఆంపియర్ అవర్ బ్యాటరీ పెడితే ఒక గంట పని చూపించొచ్చు. కుర్రాళ్లలో ఒకడికి మొహం వెలిగింది కూడా. కానీ తమరిలో ‘స్క్రాప్’ అన్న మాట కనబడితే మేష్టారు మార్కులు కోస్తారని లీడరు ఒప్పుకోలేదు.

రెండు వారాలకోసారి రివ్యూ అని రాసుకున్నారు. బావుంది. ఎండ, ఎరువు నీళ్లు బాగా అందితే గుర్రపుడెక్క కూడా రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. ప్రతి రివ్యూకీ తమరు ఒక పేజీ, అది ఒక కాలువ చొప్పున పెరుగుతున్నారు. దానికి మాత్రం లీడరు లేడు.

ఇంకో సంగతి అండి. చివరి గడిలో ‘ఏప్రిల్ నెలాఖరు: కాలువలో ప్రదర్శన’ అని ఉంది. దాళ్వా, అదే రెండో పంట వరి, కోతలకొచ్చాక కాలువలు కట్టేస్తారు. మళ్లీ సార్వాకి, అంటే వానాకాలం పంటకి, నీళ్లొదిలేది జూన్‌లోనే. ఈ ఊరి పిల్లలై ఉండి అదెలా మరిచారో! అప్పుడు కాలువలో దొరికేది బురద, చెప్పులు, క్రికెట్ బంతులు. తమరి పడవకి చక్రాలు కావాలి. ఆ ముక్క ‘ఫ్యూచర్ స్కోప్’ పేజీలో వేయించుకోండి, అక్కడింకా సగం ఖాళీగానే ఉంది.

ఇట్లు,
తమ విధేయుడు,
వైండింగ్ షాపువాడు