చెల్లే చెల్లని పది

మొన్న ఆదివారం ఫోను రిపేరులో ఉంది, ఏటీఎంలో డబ్బుల్లేవు, జేబులో చిల్లిగవ్వ లేదు. సాయంత్రానికల్లా ఇచ్చేస్తానని ఒట్టు పెట్టి మా అమ్మాయి మట్టి హుండీ పగలగొట్టాను. 63 పది రూపాయల బిళ్లలు! ఒక్కోటి 7.71 గ్రాములు. అర కిలోకి కాస్త తక్కువ. ప్యాంటు జారకుండా ఒక చేత్తో పట్టుకుని ఈసీఐఎల్ దగ్గర కూరగాయలకు వెళ్లాను.

"ఇవి నడువయ్ సారూ," అంది టమాటాలామె. సంచిలో పడ్డ కిలో మళ్లీ గంపలోకి వెళ్లిపోయింది.

"14 రకాల బిళ్లలున్నాయి, అన్నీ చెల్లుతాయని 2018లోనే రిజర్వ్ బ్యాంకు చెప్పిందమ్మా!"

"గట్లయితే గా బ్యాంకోళ్లనే వచ్చి టమాటలు అమ్మమను."

కొబ్బరిబోండాలతను కాస్త చదువరి. బిళ్లను ఎండకు పెట్టి గీతలు లెక్కపెట్టాడు. "పదిహేనున్నయ్. రూపాయి గుర్తు లేదు. డూప్లికేట్." ఆ గుర్తు పుట్టిందే 2010లో, అంతకుముందు బిళ్లల మీద ఎక్కణ్ణుంచి వస్తుంది నాయనా! వాదించే ఓపిక లేక పది గీతలది, గుర్తున్నది వెతికిచ్చాను.

"ఇది అసలుదే," అన్నాడు.

"మరి తీసుకో."

"అసలుదే సార్. కానీ నేనిస్తే ఎవ్వరు తీస్కోరు."

దీనికి రిజర్వ్ బ్యాంకు దగ్గర కూడా జవాబుండదు. బిళ్లను తిప్పి చూశాను. సంవత్సరం కింద బుల్లి నక్షత్రం, అంటే మన హైదరాబాద్ టంకశాల సరుకు. ఆ టంకశాల ఉన్న చర్లపల్లికి ఇక్కణ్ణుంచి ఆటోలో ఎంతసేపని! పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటే ఏమో అనుకున్నాను.

పక్కన కిరాణా కొట్టులో ఒకాయనకు రెండు రూపాయల చిల్లరకు బదులు రెండు చాక్లెట్లిచ్చారు. మాట్లాడకుండా జేబులో వేసుకున్నాడు. వాటి మీద గీతలెన్నో ఎవరూ లెక్కపెట్టలేదు.

ఖాళీ సంచీ, నిండు జేబులతో ఇల్లు చేరి, చెప్పిన మాట ప్రకారం 63 బిళ్లలూ అమ్మాయి ముందు పోశాను.

"నోట్లియ్యి నాన్నా," అంది.

"అదేంటే! నువ్విచ్చినవే కదా?"

"నువ్వేసినవే. బయట ఎవరూ తీసుకోనప్పుడల్లా తెచ్చి 'ఇందా బంగారం, దాచుకో' అనేవాడివిగా!"


వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినపడింది. టమాటాలేవని మాత్రం అడగలేదు.