‘డీ డ్రైవ్‌లో అన్నీ భద్రం’ అన్నది నిజం కాదు

“విండోస్ 10 పని అయిపోయింది. విండోస్ 11కు అప్‌గ్రేడ్ చేస్తే కంప్యూటర్ నెమ్మదిస్తుంది. సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి కొత్తగా వేసుకోండి. ఫైళ్లన్నీ డీ డ్రైవ్‌లో భద్రంగా ఉంటాయి, బ్యాకప్ అక్కర్లేదు. కీ మాత్రం మళ్లీ కొనాలి.” విశాఖ మిత్రులు ఈ వారం నాకు నాలుగుసార్లు పంపిన సందేశం ఇది.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన మాట వాస్తవం. కీ, అంటే విండోస్‌ను యాక్టివేట్ చేసే కోడ్, మళ్లీ కొనాలన్నది తప్పు: ఇదివరకే యాక్టివేట్ అయిన కంప్యూటర్‌లో అదే ఎడిషన్ (హోమ్, ప్రో వంటి రకం) వేస్తే, ఆ కంప్యూటర్ పేరిట మైక్రోసాఫ్ట్ వద్ద నమోదైన డిజిటల్ లైసెన్స్‌తో మళ్లీ యాక్టివేట్ అవుతుంది. అప్‌గ్రేడ్ అంటే పాత విండోస్ మీదే కొత్తది పూయడం కాదు, పాతదాన్ని విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌లోకి జరిపి, కొత్తదాన్ని పరిచి, ప్రోగ్రాములనూ సెట్టింగులనూ అందులోకి తెస్తుంది. నచ్చకపోతే పది రోజుల్లోగా వెనక్కి వెళ్లవచ్చు. ఫార్మాట్ చేసినవారికి, అంటే డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిపేసినవారికి, ఆ దారి ఉండదు.

నాకు కోపం తెప్పించినది బ్యాకప్ అక్కర్లేదన్న మాట. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మూడూ మనం మార్చుకుంటే తప్ప విండోస్ ఉండే సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో అసలు డీ డ్రైవే ఉండదు. ఉన్నా, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు తెరపై సీ, డీ అనే అక్షరాలు కనబడవు. పార్టిషన్ల (డిస్కులోని భాగాల) సంఖ్యలూ సైజులూ వంటివే కనబడతాయి, తొందరలో ఒకదానికి బదులు మరొకటి చెరిపేస్తారు. డీ డ్రైవ్‌కు బిట్‌లాకర్ (సమాచారానికి విండోస్ వేసే తాళం) ఉంటే, కొత్త విండోస్ దానిని తెరవడానికి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. గాజువాకలో మా వీధి జిరాక్స్ దుకాణంవారు ఈ సందేశాన్ని నమ్మి ఫార్మాట్ చేయించుకున్నారు. డెస్క్‌టాప్‌పై దాచుకున్న పెళ్లిపత్రికల డిజైన్లన్నీ పోయాయి. ఆ కంప్యూటర్‌లోని డిస్కు ఎస్‌ఎస్‌డీ (చిప్‌లతో పనిచేసే కొత్తరకం డిస్కు) కావడంతో తిరిగి రాబట్టడమూ కుదరలేదు, ఎందుకంటే ఫార్మాట్ చేయగానే పాత సమాచారం అక్కర్లేదని విండోస్ ఆ డిస్కుకు చెప్పేస్తుంది, డిస్కు దానిని చెరిపేస్తుంది. ఆ నష్టాన్ని ఈ సందేశం రాసినవారు తీరుస్తారా? పంపినవారు తీరుస్తారా?

అయినా సందేశంలోని ప్రధాన సలహాను కొందరి విషయంలో నేనూ ఒప్పుకుంటాను. వైరస్ పట్టిన కంప్యూటర్‌కూ, ఎవరో వాడి అమ్మినదానికీ అప్‌గ్రేడ్ చాలదు, లోపల దాగి ఉన్నది కూడా కొత్త విండోస్‌లోకి వచ్చేస్తుంది కాబట్టి. నేను కొన్న పాత ల్యాప్‌టాప్‌ను మొదటి రోజే ఫార్మాట్ చేశాను. అందులో నా ఫైలు ఒక్కటీ లేదు.

దీనిని ఇంకా పంపదలచినవారు కనీసం బ్యాకప్ అక్కర్లేదన్న వాక్యాన్ని తీసేసి పంపండి.