ఉగాది నాటిక, కంకుభట్టు మాట

మొన్న ఉగాదికి మన తెలుగు సంఘంవాళ్ళు వేసిన నాటిక మీలో చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్ళకు గ్రూపులో వీడియో ఉంది. పంచాంగ శ్రవణం అయ్యాక, పిల్లల కూచిపూడికీ భోజనాలకీ మధ్య, నలభై నిమిషాలు. పల్లెటూరి పిల్ల మీద మోతుబరి కొడుకు అఘాయిత్యం చేస్తాడు. రెండో రంగంలో పెద్దమనుషుల పంచాయతీ. మూడో రంగానికి ఆ పిల్ల పురుగుల మందు తాగి చచ్చిపోయింది. నాలుగో రంగంలో అన్న కత్తి పట్టుకుని దిగాడు. హాలంతా ఈలలు. నేనూ చప్పట్లు కొట్టాను, అబద్ధమెందుకు.

భోజనాల వరసలో పులిహోర దగ్గర నా ముందున్న ఒకావిడ వెనక్కి తిరిగి, "ఆ పిల్లకి మొత్తం నాటికలో ఎన్ని మాటలున్నాయో లెక్కపెట్టారా అన్నా?" అంది. లేదన్నాను. "రెండు. 'అమ్మా' ఒకటి, 'అన్నా' ఒకటి. మిగతాదంతా ఏడుపే" అని ప్లేటు పట్టుకుని వెళ్ళిపోయింది. గుత్తివంకాయ వడ్డించే కుర్రాడు "అంకుల్, జరగండి" అనేదాకా నేనక్కడే నిలబడ్డాను.

రాసినవాళ్ళను తప్పుపట్టాలని కాదు. రెండు నెలలు శనాదివారాలు మానుకుని ఎవరి బేస్‌మెంట్‌లోనో రిహార్సల్స్ చేసుకున్నారు పాపం. నన్ను పొడిచింది వేరే. ఆ రెండో రంగం నేను అంతకుముందే చూశాను, మా ఇంటి అరుగు మీద.

మాది కందుకూరు, ఉలవపాడు మధ్య ఒక ఊరు. పేరు చెప్పను. 1986 ఎండాకాలం, నాకు పదకొండేళ్ళు. బ్యారన్లు, అంటే పొగాకు కాల్చే కొట్లు, కాల్చడం అయిపోయి ఆకును నాణ్యతను బట్టి వేరుచేసే గ్రేడింగ్ జరుగుతోంది. గ్రేడింగ్‌కి వచ్చే ఒక అమ్మాయి విషయంలో పంచాయతీ పెట్టారు. చేసినవాడు మా వీధివాడు, ఆ పిల్ల మా వీధిది కాదు. మా వీధి పిల్లయితే అసలు అరుగు మీదికి వచ్చేదే కాదని నాకు చాలా ఏళ్ళకు గానీ తట్టలేదు. ఐదుగురు పెద్దమనుషులు, అందులో మా నాయన ఒకడు. గోలీసోడాలు అందించింది నేను. పిల్ల తండ్రి వేపచెట్టు కింద తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, కూర్చోమని ఎవరూ అనలేదు. ఆ పిల్లను పిలిపించనే లేదు. మూడు వేల రూపాయలు, పిల్లను దూరపు ఊళ్ళో మేనత్త ఇంటికి పంపెయ్యడం, ఇంక ఈ మాట ఎవరూ ఎత్తకపోవడం. అదీ తీర్పు. వాకిట్లోకి వచ్చి మా అమ్మ "ఆ పిల్లనడిగారా?" అంది. నాయన "నీకెందుకు, లోపలికి పో" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నతో సరి.

ఊళ్ళో ఎవరింట్లో కాన్పు కష్టమైనా అర్ధరాత్రి ముందు కదిలేది మా నాయన బండే. కూలి డబ్బులు ఒక్క పైసా ఎగ్గొట్టి ఎరగడు. ఆయన తప్పు చేశాడని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తున్నా, చేశాడు.

పెన్న ఒడ్డున మన తిక్కన విరాటపర్వం రాశాడని గొప్పగా చెప్పుకుంటాం. అందులో మనకు గుర్తుండేది నర్తనశాల, చీకట్లో భీముడు కీచకుణ్ణి ముద్ద చేసెయ్యడం. దానికి ముందొక సభ ఉంది. సైరంధ్రి, అంటే మారువేషంలో ఉన్న ద్రౌపది, పరుగెత్తుకుంటూ సభకు వస్తే కీచకుడు అందరి ముందూ తన్నుతాడు. విరాటుడు బావమరిదిని ఏమీ అనలేడు. కంకుభట్టు వేషంలో ఉన్న ధర్మరాజు, సభలో ఈ నాట్యమేమిటి, కులసతులకు తగునా అన్నట్టు మాట్లాడతాడు. ఆమె ఊరుకుందా? నా మొగుడు నటుడు, పైగా జూదరి, జూదరి పెళ్ళానికి పెద్దరికం యాడనించి వస్తుందయ్యా అని అక్కడికక్కడే దులిపేసింది. ఏడొందల ఏళ్ళ కిందటి నెల్లూరు కవి ఆమెకు అంత నోరిచ్చాడు. మనమిచ్చింది రెండు మాటలు.

మన సినిమాలూ నాటికలూ సభను ఎగరగొట్టి నేరుగా నర్తనశాలకు పోతాయి. అప్పట్లో ఇంకో దారి కూడా ఉండేది, పాడుచేసినవాడితోనే తాళి కట్టించి శుభం కార్డు వేసెయ్యడం. కత్తయినా తాళయినా, ఆ పిల్ల కథ ఇంటర్వెల్‌కే అయిపోతుంది.

కత్తి మీద మోజు నాకర్థం కాకపోలేదు. నిర్భయ కేసే 2012 డిసెంబర్ నుంచి 2020 మార్చిలో ఉరి దాకా నడిచింది. దేశమంతా చూస్తున్న కేసుకే అంతకాలం పడితే బ్యారన్‌లో పనిచేసే పిల్ల గతేంటి? 2019 డిసెంబర్ 6న దిశ కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చేశారని తెలియగానే మన గ్రూపులో దండాలూ పూలదండలూ వరదలా వచ్చాయి, ఒకటి నాది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన కమిషన్ 2022లో తేల్చితే ఒక్కరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

ఇంకోటి. ప్రభుత్వ లెక్కల్లో ఏటా నూటికి తొంభైకి పైగా అత్యాచారం కేసుల్లో నిందితుడు ఆమెకు తెలిసినవాడే. బంధువు, పక్కింటివాడు, పెళ్ళి చేసుకుంటానన్నవాడు. మన నాటికలో వాడు మాత్రం మీసం తిప్పుతూ పెద్దగా నవ్వుతాడు. అట్లా నవ్వేవాళ్ళు మన ఇళ్ళలో లేరు కాబట్టి హాయిగా ఇంటికి పోతాం.

మా అరుగు మీద జరిగినలాంటి రాజీ అత్యాచారం కేసులో ఎట్టి పరిస్థితిలోనూ కుదరదని 2015లో సుప్రీంకోర్టు అంది. వాంగ్మూలం మహిళా పోలీసో, మహిళా అధికారో తీసుకోవాలి. విచారణ తలుపులేసి జరగాలి. ఆమె పేరు బయటపెడితే అదే ఒక నేరం. కాగితం మీద ఉన్నవన్నీ స్టేషన్లో జరుగుతాయని కాదు. జరగనప్పుడు ఆమె ఏం చేసిందన్నది కదా నాటిక!

కథల వల్ల ఏమవుతుందిలే అంటారు కొందరు. దూబగుంట మన నెల్లూరు జిల్లానే. అక్షరాస్యత తరగతుల్లో సీతమ్మ కథ చదువుకున్న ఆడవాళ్ళు 1990ల మొదట్లో సారా కొట్టు మూయించారు. వాళ్ళలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993లో సారా నిషేధమే వచ్చింది. అది వాచకంలో ఒక పాఠం, అంతే.

కల్చరల్ కమిటీకి నా విన్నపం. దీపావళికి ఇదే నాటిక మళ్ళీ వెయ్యండి. అదే ఊరు, అదే అరుగు. రెండో రంగంలో ఆ పిల్లను పంచాయతీకి రానివ్వండి, మాట్లాడనివ్వండి. మూడో రంగంలో చంపకండి. కేసు ఓడిపోయినా సరే, బతికుండనివ్వండి. స్క్రిప్టు ముందుగా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళకు చూపించండి. పులిహోర దగ్గర అడిగిన ఆవిడ ఎవరని మాత్రం నన్నడగొద్దు. ఎందుకడిగిందో నేనూ అడగలేదు.

ఆ రాత్రి ఊరికి ఫోన్ చేశాను. నాయన పోయి ఆరేళ్ళు. అప్పటి ఆ పిల్ల ఇప్పుడెక్కడుందని అమ్మనడిగాను.

"ఉండాదిరా అబ్బయ్యా. ఇద్దరు మనవరాళ్ళు. పోయిన నెల పెళ్ళిలో కనపడింది, పక్కన కూర్చుంది."

"ఆ మాటేమన్నా వచ్చిందా?"

"నేనెందుకు ఎత్తుతాను? మామిడికాయలు ఎట్టుండాయని అడిగింది. ఈ ఏడు పూత రాలిపోయిందని చెప్పా."