రాయల జట్టు, వేమన జట్టు, మధ్యలో కబడ్డీ

అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయానికీ కడప యోగి వేమన విశ్వవిద్యాలయానికీ కబడ్డీ అంటే, దాన్ని ఉత్త ఆటగా చూసేవాళ్ళని చూసి నాకు జాలేస్తుంది. అది ఆట కాదు సామీ, సీమ చరిత్రలో తేలకుండా మిగిలిపోయిన లెక్క. దాన్ని తేల్చే బాధ్యత ఏడుగురు పిల్లోళ్ళ నెత్తిన పెట్టి మనం గట్టు మీద కూర్చుని శనక్కాయలు తింటున్నాం.

ఈ లెక్క 1937లో మొదలైంది. ఆ నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో కోస్తా, సీమ పెద్దలు శ్రీబాగ్ ఒప్పందం రాసుకున్నప్పుడు, వాల్తేరులో ఒక విశ్వవిద్యాలయ కేంద్రం, అనంతపురంలో ఇంకొకటి అన్నారు. 1954లో సీమకు విశ్వవిద్యాలయం వచ్చింది, కాకపోతే తిరుపతిలో దిగింది. అనంతపురానికి సొంతంగా దక్కేసరికి 1981. 44 ఏళ్ళు ఎదురుచూసినందుకు బకాయి కింద రెండు పాయింట్లు ముందే వేసి ఆట మొదలుపెట్టాలని మావాడొకడి వాదన. కడపాయన ఊరుకుంటాడా? "మాకు 2006 దాకా లేదే, మరి మాకెన్ని ఇస్తారబ్బా?" అని పీజీ సెంటర్‌తో సర్దుకున్న ఏళ్ళన్నీ వేళ్ళ మీద లెక్కపెడతాడు. ఈలోగా కోర్టులో ఒక జట్టు మొత్తం ఔటైపోతుంది. ఇద్దరూ చూడరు.

పేర్ల దగ్గర ఇంకా గొడవ. చక్రవర్తి జట్టు కాబట్టి మేమే గెలవాలని ఇటువాళ్ళు, అన్నీ వదిలేసిన యోగికి ఓడిపోవడానికి ఏం మిగిలిందని అటువాళ్ళు. చిక్కేమిటంటే, వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి దగ్గర, అంటే పాత అనంతపురం జిల్లాలోనే. రాయలవారు అల్లసాని పెద్దనకు అగ్రహారంగా ఇచ్చిన కోకటేమో కడప జిల్లాలో. ఎవరి మనిషి ఎవరి వైపు ఆడుతున్నట్టు? బదిలీ కాగితాలేవి? దీని మీద వెంటనే నిజనిర్ధారణ కమిటీ వేయాలి.

ఆడేవాళ్ళ సంగతి అంతకన్నా అధ్వానం. తాడిపత్రి పిల్లోడు కడపలో చదువుతాడు, పులివెందుల పిల్లోడు అనంతపురంలో చేరతాడు. సున్నం గీత పక్కన కూర్చుని మోకాలికి బ్యాండేజీ చుట్టుకుంటున్న మన రైడర్ దగ్గరికి అవతలి జట్టువాడొచ్చి, ఆ రెండో కొస తను పట్టుకుని బిగిస్తూ "మీ అక్క పెళ్ళి ఎప్పుడ్రా?" అని అడుగుతుంటే, వెనకున్న అభిమానికి కడుపు రగిలిపోదా? ఇది పచ్చి ద్రోహం. 30 సెకన్ల కూతలో అదనపు పాయింటిచ్చే బోనస్ గీత దాటి రావాలా, అవతల ముగ్గురే మిగిలినప్పుడు వాళ్ళు పట్టేస్తే ఒక పాయింటు ఎక్కువ పోయే సూపర్ టాకిల్‌కి చిక్కకుండా ఎట్లా బయటపడాలా అన్న చిల్లర విషయాలు వాళ్ళు చూసుకుంటారు. మన పని తొడగొట్టమని అరవడం. అరిచేవాణ్ణి ఆపి ఆ కూతకెళ్ళిన పిల్లోడి పేరేమని అడిగి చూడండి. "పేరుతో పనేముందప్పా, మనోడు!" అంటాడు.

ఆ తర్వాత రెండు జట్లూ దక్షిణ మండల పోటీలకు పోతాయి. అక్కడ తమిళనాడు, కర్ణాటక జట్ల చేతిలో మనవాళ్ళకు ఏమైందో ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. మనం ఓడినా పర్లేదు, అవతలోడు మనకన్నా ఒక రౌండు ముందే ఓడిపోయి రైలెక్కాడా లేదా? ఎక్కాడంటే ఊళ్ళో పండగే.

కాబట్టి రెండో శ్రీబాగ్ ఒప్పందం తప్పదు. ఇకపై స్కోరు బోర్డు మీద పాయింట్లతో పాటు పాత అన్యాయాలకూ ఒక గడి పెట్టాలి, టై అయితే ఎవరి కరువు పెద్దదో చూసి విజేతను ప్రకటించాలి, జిల్లా సరిహద్దు దాటి స్నేహం చేసే ఆటగాళ్ళకు హెచ్చరికగా గ్రీన్ కార్డు చూపించాలి. వీటికి ఇరుపక్షాలూ దాదాపు ఒప్పుకున్నాయి. అంపైర్ దగ్గరే ఆగింది. తటస్థంగా ఉంటాడని కర్నూలు ఆయన్ని పిలుద్దామన్నారు గానీ, ఆయన 1953లో వచ్చి 1956లో పోయిన రాజధాని సంగతి తేలేదాకా విజిల్ నోట్లో పెట్టుకోనంటున్నాడు.