అల్లుడిగారి అకౌంటు

మా టీవీలో సినిమాలొచ్చే ఓటీటీ అకౌంటు మాది కాదు, బావగారిది. పెళ్ళైన కొత్తలో ముచ్చటపడి పాస్‌వర్డ్ కొట్టి పెట్టారు. అప్పట్నుంచి నాన్న దాన్ని సొంత ఆస్తి కిందే జమకట్టారు. మనమూ ఒకటి కట్టుకుందామంటే, "హాల్లో టిక్కెట్టంటే సరే, సొంత సోఫాకి కూడా టిక్కెట్టేంట్రా?" అంటారు.

శనివారం రాత్రి భోంచేసి అందరం సినిమాకి కూర్చున్నాం. ఏ సినిమా అన్నది తేలితేగా!

నాయనమ్మ 'మాయాబజార్' అంది. 1957 నాటిది, పైగా మూడు గంటలు, నిద్రొస్తుందని తమ్ముడు కొట్టిపారేశాడు. నాయనమ్మ మూతి ముడుచుకుని లోపలికెళ్ళిపోయింది. తమ్ముడికేమో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' కావాలి. నెల్లూరు డిటెక్టివ్ కథ, కడుపుబ్బ నవ్విస్తుందన్నాడు. నవ్వించినా సరే, పడుకోబోయే ముందు రైలు పట్టాల పక్కన శవాలొద్దంది అమ్మ. ఆవిడ ఓటు 'మిథునం'కి. మొత్తం సినిమాలో కనిపించేది ఎస్పీ బాలు, లక్ష్మి ఇద్దరే; తిండి ప్రస్తావన మాత్రం అడుగడుగునా. "అది చూస్తే నాకు మళ్ళీ ఆకలేస్తుంది. అప్పుడు లేచి పెసరట్టేస్తావా?" అన్నారు నాన్న. అమ్మ వెయ్యనంది. 'మిథునం' వీగిపోయింది.

ఆఖరికి 1987లో జంధ్యాల తీసిన 'అహ నా పెళ్ళంట' దగ్గర రాజీ కుదిరింది. తమ్ముడు రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతికి కొట్టి, ప్లే నొక్కాడు.

'ఈ అకౌంటుతో ఇప్పటికే రెండు చోట్ల చూస్తున్నారు. ఒకటి ఆపితే గానీ కుదరదు' అని వచ్చింది తెర మీద.

అమ్మ అక్కకి ఫోన్ చేసింది. వాళ్ళు బయట హోటల్లో ఉన్నారట. "ఇంట్లో అత్తయ్యగారు సినిమా పెట్టుకున్నారు. ఆపమని చెప్పనా?"

"నీకేమైనా మతుందా!" అమ్మ లేచి నిలబడింది. "వాళ్ళబ్బాయి డబ్బు కట్టింది, వాళ్ళింట్లో ఆవిడ చూసుకుంటుంటే, మేం చూడాలి ఆపమనా? రేపు వదినగారికి నా మొహం ఎలా చూపించను?"

కాబట్టి వియ్యపురాలు చూసినంతసేపు చూస్తారు. మేం ఆగుతాం. వేయించిన పల్లీలు నములుతూ తెర మీది పోస్టరుకేసి చూస్తూ కూర్చున్నాం. ఆ సినిమాలోనే పిసినారి కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్తన్నం తింటాడే, సరిగ్గా అలాగ. ఆ మాట పైకి అన్నందుకు నాన్న నాకేసి ఉరిమి చూశారు.

"ఒకచోట వియ్యపురాలు. మరి రెండోచోటెవరు?" అన్నారు నాన్న. బావగారి తమ్ముడి మీద ఆయనకి మొదట్నుంచీ అనుమానమే. "కుర్రాడికి చదువు లేదా, సంధ్య లేదా, వేళకాని వేళ సినిమాలేంటి?"

అప్పుడే తమ్ముడు జేబులు తడుముకుని, "నా ఫోనేది?" అన్నాడు.

లోపల్నుంచి సన్నగా హార్మోనియం వినిపించింది. వెళ్ళి చూస్తే నాయనమ్మ దుప్పట్లో ఫోను పెట్టుకుని, ఎస్వీ రంగారావు పెళ్ళివారి విందంతా ఒక్కడే లాగించే ఘట్టం కోసం కాచుకుని ఉంది.

"అమ్మా, కాసేపు ఆపవే, మేం అక్కడ..." అన్నారు నాన్న.

"మూడు గంటల సినిమా, నిద్రొస్తుందన్నారుగా," అంది నాయనమ్మ తల తిప్పకుండా. "పోయి పడుకోండి."